చిన్నమ్మి సంగటి మాత్రమే ఎందుకు అడిగిందంటే

అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట అట్లాగే కూర్చునేది మా పాప చిన్నమ్మి. మింగదు, ఉమ్మదు. అప్పటికి నాలుగున్నరేళ్ళు. వాళ్ళమ్మ బతిమాలేది, కథలు చెప్పేది, ఓపిక అయిపోయాక వీపు మీద ఒకటి వేసేది. నేను కొట్టు నుంచి వచ్చేసరికి కంచం ఇంకా సగం నిండుగా ఉంటే నేనూ అరిచేవాణ్ణి. "తినకపోతే డాక్టర్ దగ్గర సూది వేయిస్తా" అనేవాణ్ణి.

సంగటి చేసిన రోజు మాత్రం గొడవ ఉండదు. రాగి సంగటి, పప్పు, ఇంత నెయ్యి. గబగబా తినేసి ఇంకో ముద్ద అడిగేది. "నా మనవరాలికి సీమ తిండి బాగా పట్టింది" అని మా అమ్మ మురిసిపోయేది. సంగటిని ఎవరూ నమలరు, ముద్ద చేసి మింగుతారు. ఈ విషయం మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఒక్కరమూ ఆ రెండింటినీ కలిపి చూడలేదు. అన్నం అయితే నమలాలి, నమిలితే నొప్పి. సంగటి అయితే మింగితే చాలు. ఆ పిల్ల తనంతట తాను కనుక్కున్న దారి అది. మేము ఒకదాన్ని మొండితనం అన్నాం, ఇంకోదాన్ని ఇష్టం అన్నాం.

మాకు కడపలో చిన్నచౌకు వైపు ఒక సందులో కిరాణా కొట్టు ఉంది. తెల్లవారుజామున ఐదుకల్లా పాల ప్యాకెట్లు దించుకోవాలి కాబట్టి రాత్రి నిద్ర మాకు చాలా ముఖ్యం. పాప రాత్రి లేచి ఏడిస్తే సీసాలో పాలు కలిపి నోట్లో పెట్టేవాళ్ళం. పాలలో చక్కెర, ఒక చెంచా చాక్లెట్ పొడి. సీసా నోట్లో ఉండగానే నిద్రపోయేది. మూడున్నరేళ్ళు వచ్చేదాకా ఇదే నడిచింది. సీసా మాన్పించాలని నా భార్య రెండు మూడుసార్లు అంది. "ఇప్పుడెందుకు, నాకు పొద్దున్నే లేవాలి" అన్నది నేను.

రెండేళ్ళప్పుడు పై ముందు పళ్ళ మీద, చిగురును ఆనుకుని, సున్నం గీసినట్టు తెల్లటి గీత కనిపించింది. నా భార్యే చూపించింది. పాల మరక అన్నాను. మూడేళ్ళకు ఆ గీత గోధుమ రంగుకు తిరిగింది. మాకు తెలిసిన ఒకాయన దగ్గర జ్వరానికి చూపించినప్పుడు ఆ మాట కూడా అడిగితే, "పాల పళ్ళే కదా, ఊడిపోయేవే కదా" అన్నాడు. ఆ మాట నాకు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. డబ్బు ఖర్చు లేదు, కొట్టు మూయాల్సిన పని లేదు. తర్వాత ఎవరు అడిగినా నేను అదే మాట చెప్పాను. ఆ తెల్ల గీత ఉన్నప్పుడే తీసుకెళ్ళి ఉంటే డ్రిల్లు అవసరం లేకుండా పూత మందుతోనే ఆపే వీలుండేదని తర్వాత పళ్ళ డాక్టరమ్మ చెప్పింది.

ఒక రాత్రి పాప లేచి, చెంప పట్టుకుని గోడకు తల ఆనించి ఏడ్చింది. ఎక్కడ నొప్పి అంటే చెవి చూపించింది. చెవిలో చుక్కలు వేశాం. మరుసటి రాత్రి మళ్ళీ అదే. అప్పుడు మా అమ్మ నోట్లో దీపం వేసి చూసి, కింద కుడి దవడ పన్నులో గుంత ఉంది, పురుగు పట్టింది అంది. లవంగం నలిపి పెట్టాం. మందుల షాపులో అడిగి నొప్పి సిరప్ తెచ్చాం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది.

ఆ వారంలోనే "పంటి పురుగులు తీస్తాం" అని కేక వేసుకుంటూ ఒకామె వీధిలోకి వచ్చింది. మా అమ్మ పిలిచింది. నేను కాదనలేదు. ఆమె ఏదో ఆకు పసరు పన్ను మీద పిండి, పత్తి ఉండ పెట్టి, కాసేపటికి తీసి మా అరచేతిలో నాలుగు సన్నటి తెల్ల పురుగులు చూపించింది. మూడు వందలు ఇచ్చాం. ఆశ్చర్యం ఏమిటంటే రెండు రోజుల్లో పాప నొప్పి నిజంగానే పోయింది. రాత్రుళ్ళు లేవలేదు. మా అమ్మ వీధిలో నలుగురికి చెప్పింది. నేనూ నమ్మాను.

నొప్పి ఎందుకు పోయిందో ఇరవై రోజుల తర్వాత తెలిసింది. ఆదివారం పొద్దున లేచేసరికి కుడి చెంప కింద దవడ దాకా వాచి, కన్ను కింద చర్మం బిగుసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. నోరు తెరిపించి చూస్తే ఆ పన్ను పక్కన చిగురు మీద పసుపు రంగు పొక్కు. అప్పటిదాకా నొప్పి పుట్టించిన నరం ఆ రోజుల్లో చచ్చిపోయింది. నరం చచ్చిన పన్నుకు కొన్నాళ్ళు నొప్పి తెలియకపోవచ్చు. లోపల కుళ్ళు మాత్రం ఆగదు, వేరు చివరన చీము పడుతుంది. పురుగులు తీసినామె వచ్చిన వారమే ఇది జరిగింది కాబట్టి ఆమె వల్లే నయమైందని అందరం అనుకున్నాం. నొప్పి ఉన్నంతకాలం మాకు కనీసం ఒక హెచ్చరిక ఉండేది. అది పోయినందుకు మేము సంతోషించాం.

మొదట ఊళ్ళో ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాం. వాపుకు మందులు రాసిచ్చి, చాలా పళ్ళు పాడయ్యాయని, అన్నీ చేయడానికి పాతిక వేలకు పైనే అవుతుందని చెప్పారు. అంత డబ్బు చేతిలో లేదు. కొట్టుకు సరుకు వేసే ఆటో డ్రైవర్ ఒకతను పుట్లంపల్లిలో రిమ్స్ ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉందని, అక్కడ పిల్లల పళ్ళకు వేరే విభాగమే ఉందని చెప్పాడు. ఇన్నేళ్ళుగా కడపలో ఉంటున్నా నాకు ఆ సంగతి తెలియదు. పిల్లల పళ్ళకు వేరే డాక్టర్లు ఉంటారనే తెలియదు.

ఓపీ చీటీ తీసుకుని, వరసలో కూర్చుని, పాప వంతు వచ్చేసరికి పదకొండయింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పాపను కుర్చీలో ఒంటరిగా కూర్చోబెట్టలేదు. నన్ను పడుకున్నట్టు కూర్చోమని, పాపను నా మీద కూర్చోబెట్టింది. చిన్న అద్దం పాప చేతికిచ్చి ముందు తన నోరు తనకే చూపించింది. తర్వాత లెక్కపెట్టింది. పక్కనున్న అమ్మాయి కాగితం మీద రాసుకుంది. పాల పళ్ళు మొత్తం 20. అందులో పాడైనవి 11.

పదకొండు అని విన్నాక కాసేపు నాకు ఏమీ వినపడలేదు. ఒక పన్ను అనుకుని వచ్చాం.

పై ముందు పళ్ళు నాలుగూ, దవడ పళ్ళు ఏడు. కింది ముందు పళ్ళు మాత్రం తెల్లగా, చక్కగా ఉన్నాయి. "రాత్రి సీసా ఇచ్చేవారా?" అని ఆమె అడిగింది. మేము చెప్పకుండానే ఎట్లా తెలిసిందని నేను అడిగాను. సీసా నోట్లో పెట్టుకుని పడుకున్న పిల్లకు పాలు పై పళ్ళ చుట్టూ నిలుస్తాయి. కింది ముందు పళ్ళను నాలుక కప్పి ఉంటుంది, అక్కడ లాలాజలం ఊరుతుంటుంది కాబట్టి అవి బతుకుతాయి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, కడిగే నీరు ఉండదు. పళ్ళ మీది సూక్ష్మక్రిములు ఆ చక్కెర తిని ఆమ్లం తయారు చేస్తాయి, ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. పురుగు అనేది లేనే లేదు. పత్తి ఉండలోని పురుగులు పాప పన్నులోంచి వచ్చినవి కావని ఆమె మా అమ్మకు చాలా ఓపికగా చెప్పింది. మా అమ్మ తల వంచుకుని వింది.

ఎక్స్‌రే తీశారు. వాచిన పన్ను వేళ్ళ చుట్టూ నల్లటి మచ్చ, అది చీము. ఆ రెండు వేళ్ళ మధ్య కింద, ఎముకలో, చిన్న మొగ్గలాంటి తెల్లటి ఆకారం. ఏమిటది అన్నాను. "పాపకు పదేళ్ళప్పుడు రావలసిన పన్ను. ఇప్పుడే తయారవుతోంది" అంది. చీము దాని నెత్తి మీదే ఉంది. ఎక్కువ కాలం ఉంటే ఆ లోపలి పన్ను పైపొర కూడా దెబ్బతినవచ్చట. పాల పన్ను పోతే కొత్తది వస్తుందిలే అని నేను ఎన్నేళ్ళు అన్నానో, ఆ కొత్తది ఆ పాల పన్ను కిందే కూర్చుని ఉంది. దవడలోని పాల పళ్ళు పది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉండాలి. నాలుగున్నరేళ్ళ పిల్ల ఇంకో ఆరేళ్ళు దేనితో నమలాలి? ఈ ప్రశ్న నాకు నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు.

వాపు తగ్గడానికి ఐదు రోజులు మందు ఇచ్చి మళ్ళీ రమ్మన్నారు. అక్కడి నుంచి రెండున్నర నెలల్లో తొమ్మిదిసార్లు తిరిగాం. వెళ్ళిన ప్రతి రోజూ కొట్టు మధ్యాహ్నం దాకా మూతే. మాకు అయిన అసలు ఖర్చు అదే.

రెండోసారి ఆ చీము పట్టిన పన్ను తీశారు. ముందు రోజు ఫోన్‌లో ఒక మాట గట్టిగా చెప్పారు: "సూది వేయరు, నొప్పి ఉండదు అని ఇంట్లో ఏమీ చెప్పకండి. మాకు వదిలేయండి." అప్పుడు నాకు సిగ్గేసింది. రెండేళ్ళుగా అన్నం తినకపోతే సూది అని బెదిరించింది నేనే. అందుకే మొదటి రోజు ఆ పిల్ల తెల్ల కోటు చూడగానే నా చొక్కా పిడికిలితో పట్టుకుంది. డాక్టరమ్మ గాలి పిచికారీని ముందు పాప గోరు మీద ఊది చూపించింది, తర్వాత పన్ను మీద ఊదింది. చిగురుకు తియ్యటి జెల్ రాసి, "ఇప్పుడు నీ పన్ను నిద్రపోతుంది" అంది. సూది పాప కంటికి కనపడనే లేదు. ఏడ్చింది, కాదనను. కానీ నేను భయపడినంత ఏడవలేదు.

తీసిన తర్వాత రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారి ఉంటుంది, కొరుక్కోకుండా చూడమని మరీ మరీ చెప్పారు. ఇంటికి వచ్చాక హోల్‌సేల్ వాళ్ళతో ఫోన్ మాట్లాడుతూ పది నిమిషాలు నేను చూడలేదు. స్పర్శ తెలియని పెదవిని పాప నమిలేసింది. సాయంత్రానికి ఉబ్బి, తెల్లగా పొర కట్టింది. మళ్ళీ చీము పట్టిందని నేను హడలిపోయాను. ఫోటో పంపితే, కొరుక్కున్న గాయమే, వారంలో మానుతుందన్నారు. మానింది. మొద్దుబారిన ఆ కొన్ని గంటలూ పిల్ల పక్కన ఒకరు ఊరికే కూర్చోవాలి, వేరే పని పెట్టుకోకూడదు.

తీసిన చోట ఖాళీ అట్లాగే వదిలేస్తే పక్క పళ్ళు జరిగి, ఎముకలో ఉన్న కొత్త పన్నుకు దారి మూసుకుపోతుందట. అందుకని పక్క పన్నుకు చిన్న స్టీలు పట్టీ, దానికి ఉంగరంలా వంచిన తీగ అతికించారు. ఇంకో రెండు దవడ పళ్ళకు నరం దాకా పుచ్చు చేరింది. వాటికి నరం తీసి శుభ్రం చేసి, మందు నింపి, పైన స్టీలు క్యాపు వేశారు. పెద్దవాళ్ళకు చేసే రూట్ కెనాల్ లాంటిదే. అయితే పాల పన్ను వేళ్ళు కొన్నేళ్ళకు వాటంతటవే కరగాలి కాబట్టి వాటితో పాటు కరిగిపోయే మందే నింపుతారు. మిగిలిన ఎనిమిదింటికి సిమెంటు. ఆడపిల్ల, నవ్వితే క్యాపులు కనపడతాయేమో అని మా అత్త బాధపడింది. పాప మాత్రం వెండి పళ్ళు వచ్చాయని వీధిలో అందరికీ నోరు తెరిచి చూపించింది.

ఆఖరి రోజున పళ్ళన్నింటికీ ఫ్లోరైడ్ పూత వేస్తామంటే నేను వద్దన్నాను. మా నాయన వాళ్ళది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. అక్కడి బోరు నీళ్ళు తాగి పెరిగిన మా పెదనాయనకు పళ్ళన్నీ గోధుమ చారలు, నడుం వంగిపోయింది. మా ఇంట్లో ఫ్లోరైడ్ అనే మాటే భయం. ఆ కారణంగానే పాపకు ఫ్లోరైడ్ లేని పేస్టు ఏరి కొనేవాణ్ణి, అది కూడా ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు. డాక్టరమ్మ కొట్టిపారేయలేదు, ఆ భయం న్యాయమైనదే అంది. నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటిన ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి కడుపులోకి పోతే పళ్ళకూ ఎముకలకూ చేటే. కానీ పంటి మీద పలచగా పూసిన దాంట్లో కడుపులోకి పోయేది చాలా తక్కువ, అది పైపొరను ఆమ్లం నుంచి కాపాడుతుంది. మీరు తాగే నీళ్ళు ఏవని అడిగింది. ఆర్‌వో క్యాన్ నీళ్ళు అంటే, వాటిలో ఫ్లోరైడ్ చాలావరకు పోయి ఉంటుందని చెప్పింది. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ళకు బఠాణీ గింజంత, అంతే. టీవీలో చూపినట్టు బ్రష్ నిండా పెట్టకూడదు. ఉమ్మేయడం నేర్పాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్ల చేతికి బ్రష్ ఇచ్చి ఊరుకోకూడదు, పెద్దవాళ్ళే తోమాలి. రాత్రి తోమాక నీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదు. అప్పుడు ఒప్పుకున్నాను.

ఆమె అడిగిన ప్రశ్నల్లో ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు. రోజుకు ఎన్ని చాక్లెట్లు తింటుంది అని ఆమె అడగలేదు. ఎన్నిసార్లు తింటుంది అని అడిగింది.

సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా పాప నా కొట్టులోనే ఉండేది. గల్లా పక్కన గాజు సీసాలో రూపాయి చాక్లెట్లు. చిల్లర లేకపోతే అవే ఇస్తాం. ఎవరికైనా ఇచ్చినప్పుడల్లా పాప కూడా ఒకటి తీసుకునేది, నేను వద్దనేవాణ్ణి కాదు. పెద్దగా తినదు, ఏదో ఒక్కోటి అనుకున్నాను. తీపి నోట్లో పడిన ప్రతిసారీ అరగంట దాకా పళ్ళ మీద ఆమ్లం ఉంటుంది, తర్వాత లాలాజలం మెల్లగా దాన్ని సరిచేస్తుంది. నాలుగు ఒకేసారి అన్నం తర్వాత తింటే ఒక అరగంటతో పోతుంది. అరగంటకొకటి తింటే పళ్ళకు తేరుకునే టైమే ఉండదు. ఆ సాయంత్రాలన్నీ నా కళ్ళెదుటే, నా సీసాలోంచే నా బిడ్డ పళ్ళు కరిగాయి.

బంధువులు పరామర్శకు వచ్చి అందరూ నా భార్యనే అన్నారు. తల్లి చూసుకోవద్దా, ఇంట్లోనే ఉంటుంది కదా అన్నారు. ఆమె వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. తెల్ల గీత చూపించింది ఆమె, సీసా మాన్పిద్దామన్నది ఆమె. ఆ మాట నేను వాళ్ళందరి ముందూ చెప్పాను. ఒకటి రెండు రోజులు ఆలస్యంగా చెప్పాను, అదీ నిజమే.

ఇప్పుడు గాజు సీసా గల్లా దగ్గర లేదు. చిల్లరకు ఫోన్ పే ఉంది, లేదంటే లెక్క రాసుకుంటాం. చాక్లెట్లు అమ్మడం మానలేదు, అది నా బతుకుతెరువు. కానీ చంకలో బిడ్డతో వచ్చి లాలీపాప్ అడిగిన తల్లులకు ఆ బిడ్డ పై పెదవి ఒకసారి ఎత్తి చూడమ్మా అని చెబుతున్నాను. చిగురు పక్కన తెల్ల గీత ఉంటే పుట్లంపల్లి దారి చెబుతున్నాను. కొందరు విసుక్కుంటారు. మొన్న ఒకామె మాత్రం అక్కడే నిలబడి పెదవి ఎత్తి చూసింది. రెండేళ్ళ బాబు. గీత ఉంది. వారం తర్వాత వచ్చి పూత వేయించామని చెప్పి వెళ్ళింది.

మా చిన్నవాడికి ఇప్పుడు పద్నాలుగు నెలలు. ఆరు పళ్ళు. పాలు తాగాక తడి గుడ్డతో తుడుస్తాం, రాత్రి సీసా లేదు. మొదటి పుట్టినరోజు అయిన వారంలోనే వాణ్ణీ చూపించాం. మా అమ్మ తను కొరికిన పండు ముక్క వాడి నోట్లో పెట్టడం మానేసింది. పెద్దవాళ్ళ నోట్లోని క్రిములు ఆ ఎంగిలితోనే పిల్లలకు చేరతాయని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి.

చిన్నమ్మికి వచ్చే నెలకు ఆరేళ్ళు నిండుతాయి. అన్నం తింటోంది. ఉడకబెట్టిన శెనిక్కాయలు ఒలుచుకుని రెండు పక్కలా నములుతుంది. నేను కొట్టులో లెక్క రాస్తూ ఆ చప్పుడు వింటాను. నిన్న రాత్రి పళ్ళు తోమాక ఫోన్ లైటు వేసి చూస్తే, కింద ఎడమ వైపు ఆఖరి దవడ పన్ను వెనక చిగురు ఉబ్బి, మధ్యలో తెల్లటి మొన కనిపించింది. ఆరేళ్ళకు వచ్చే మొదటి శాశ్వత దంతం అది. ఏ పాల పన్నూ ఊడకుండా వాటి వెనకాల వచ్చేస్తుంది కాబట్టి చాలామంది దాన్ని కూడా పాల పన్నే అనుకుంటారని, కనపడగానే తీసుకురమ్మని, దాని గాట్లలో ఆహారం ఇరుక్కోకుండా ఒక పూత వేస్తామని చెప్పి ఉన్నారు. సోమవారం పొద్దున కొట్టు మూసి పుట్లంపల్లికి వెళ్తున్నాం.